పగవాళ్ల నోట విన్న పేరు

అనంతపురంలో నేను మందుల షాపు పెట్టి 22 ఏళ్లయింది. ఇన్నేళ్లలో షాపు అరలు రెండుసార్లు మార్చాను గానీ, కౌంటరు వెనక నా ఎడమచేతికి అందే దూరంలో ఉండే రెండు డబ్బాల చోటు మాత్రం ఈమధ్య దాకా మార్చలేదు. ఒకదానిలో సిట్రిజిన్ షీట్లు, రెండోదానిలో రానిటిడిన్ షీట్లు ఉండేవి. ఎవరైనా వచ్చి "అనా, తుమ్ములకొకటి, గ్యాసుకొకటి ఇయ్యి" అంటే నేను తల కూడా తిప్పేవాణ్ని కాదు, చెయ్యి దానంతటదే పోయేది. ఒకటి ముక్కుకు, ఒకటి కడుపుకు, రెండూ చవక, రెండూ ఎవరికీ కీడు చేయవన్నది నాకూ, కొనేవాళ్లకూ ఉన్న ఉమ్మడి నమ్మకం. ఆ రెండు మాత్రలూ అడ్డుకునేది ఒకే పదార్థాన్నని, దాని పేరు హిస్టమిన్ అని నేను ఫార్మసీ చదివిన రోజుల్లోనే పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. కానీ తుమ్ములు, దద్దుర్లు, పుల్లత్రేన్పులు పుట్టించడం తప్ప ఆ పదార్థానికి మన ఒంట్లో మరో పని ఉంటుందేమోనన్న ఆలోచన అప్పుడూ రాలేదు, ఆ తరవాత చాలాకాలం దాకా కూడా రాలేదు.

ఊరికి కొత్తగా వచ్చిన మనిషిని గురించి అతని పగవాళ్ల దగ్గర మాత్రమే విని ఒక అభిప్రాయానికి వస్తే ఎలా ఉంటుందో, హిస్టమిన్ విషయంలో మా వృత్తివాళ్ల జ్ఞానం అలాగే ఉంది. మా బిల్లులలో, కంపెనీ ప్రతినిధులు పంచే కాగితాలలో ఆ పేరు ఒంటరిగా ఎక్కడా కనబడదు. ముందు 'యాంటీ' తగిలించుకునే కనబడుతుంది. షుగరు కోసమో బీపీ కోసమో పొద్దున్నే మైదానం చుట్టూ తిరిగేవాళ్లు ఆ నడక వల్ల పొందాలనుకునే మేలులో కొంత భాగం ఈ 'పగవాడి' చేతుల మీదుగానే వస్తుందని ఇప్పుడు గట్టి ఆధారాలున్నాయి. కాబట్టి సరైన కారణం లేకుండా, కేవలం అలవాటు కొద్దీ, ఈ రెండు మాత్రలనూ రోజూ కలిపి మింగడం మంచిది కాదని, అలా మింగించడం మాలాంటివాళ్లు మానుకోవాలని నా వాదన. ఈ వాదనను ఎంతవరకు సాగదీయవచ్చో, ఎక్కడ ఆపాలో కూడా చెప్పాలి; ఎందుకంటే సగం తెలిసిన వైద్యం మా ఊళ్లో ఫోన్లలో ఎంత వేగంగా పాకుతుందో నాకు తెలుసు.

పోయిన సంవత్సరం చెనక్కాయ పీకే కాలంలో ఒక కుర్రాడు దాదాపు రోజూ షాపుకు వచ్చేవాడు. కానిస్టేబులు ఉద్యోగానికి పీటీసీ (పోలీసు శిక్షణ కళాశాల) మైదానంలో ప్రాక్టీసు చేస్తున్నాడు. 1600 మీటర్లు 8 నిమిషాలలో పరిగెత్తాలి. వానలు పడి వెళ్లాక మైదానాల అంచుల్లో, ఖాళీ స్థలాల్లో నడుమెత్తున పెరిగే వయ్యారిభామ మా జిల్లావాళ్లకు కొత్త కాదు. 1950లలో పుణె వైపు మొదట కనబడి, దేశమంతా పాకిన ఈ మొక్క తెల్లటి చిన్న పూలతో చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, దాని పుప్పొడి పడనివాళ్లకు ముక్కు కారుతుంది, దాన్ని పీకినవాళ్లకు చేతుల మీద చర్మం పొలుసులు లేస్తుంది. దానికి తోడు పల్లెల్లో చెనక్కాయ మిషన్లు ఆడే దుమ్ము. ఈ పిల్లవాడికి తుమ్ములు మొదలైతే పదీ పన్నెండు దాకా ఆగేవి కావు. అందుకని పరుగుకు ముందు ఒక సిట్రిజిన్, ఖాళీ కడుపుతో పరిగెత్తితే గుండెల్లో మంటగా ఉంటుందని ఒక రానిటిడిన్, రెండూ కలిపి వేసుకుని వెళ్లేవాడు. ఏ డాక్టరూ రాసివ్వలేదు. ఇచ్చింది నేను.

రెండు నెలల తరవాత ఒక సాయంత్రం వచ్చి, "అనా, ఎంత పరిగెత్తినా ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్ల కాడ్నే నిలబడిపోయింది, దానికింద దిగల్యా. బలానికి టానిక్కేమన్నా ఉందా?" అని అడిగాడు. నేను ఒక ఐరన్ టానిక్కు సీసా చేతికిచ్చి డబ్బులు తీసుకున్నాను. రక్తపరీక్ష చేయించుకున్నావా అని గానీ, ఆ రెండు మాత్రలూ ఇంకా వేసుకుంటున్నావా అని గానీ అడగలేదు. ఆ టానిక్కు సంగతి ఈ రోజుకీ నాకు కొంచెం సిగ్గుగానే ఉంటుంది. ఆ తరవాత కొద్ది వారాలకే, వేరే ఏదో వెతుకుతూ, వ్యాయామంలో హిస్టమిన్ పాత్ర మీద జరిగిన ప్రయోగాలను చదవడం తటస్థించింది.

ముందుగా హిస్టమిన్ చేసే పనిని కంటితో చూడాలనుకునేవారు ఒక చిన్న పని చేయవచ్చు. పెన్ను మూత అంచుతో ముంజేతి లోపలివైపు ఒక గీత కొంచెం గట్టిగా గీసి రెండు మూడు నిమిషాలు చూడండి. మొదట గీత ఎర్రబడుతుంది. కాసేపటికి ఆ ఎరుపు గీత దాటి పక్కలకు పరుచుకుంటుంది. కొందరికి గీత పొడవునా చర్మం సన్నగా ఉబ్బుతుంది. లండన్‌లో థామస్ లూయిస్ అనే వైద్యుడు 1920లలో ఈ మూడు దశలనూ వర్ణించి, చర్మంలోంచి హిస్టమిన్ లాంటిదేదో విడుదలవుతోందని చెప్పాడు. అంతకుముందు 1910లో హెన్రీ డేల్, ప్యాట్రిక్ లైడ్లా ఆ పదార్థం రక్తనాళాల మీద, కండరాల మీద చూపే ప్రభావాన్ని వివరించారు. మనం తినే పప్పులోనూ మాంసంలోనూ ఉండే హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నుంచే శరీరం దాన్ని తయారు చేసుకుంటుంది; మాస్ట్ కణాలు అనే కణాలు దాన్ని గింజల్లా మూటగట్టుకుని చర్మంలో, ఊపిరితిత్తుల్లో, పేగుల్లో, కండరాల్లో కూర్చుని ఉంటాయి. అవసరమనిపించినప్పుడు మూట విప్పుతాయి. హిస్టమిన్ బయటికి వచ్చి రక్తనాళాల మీద ఉన్న హెచ్1, హెచ్2 అనే రిసెప్టర్లను (కణాల మీద కబురందుకునే చోట్లను) తాకితే నాళాలు వెడల్పవుతాయి. సిట్రిజిన్ హెచ్1ను మూస్తుంది, రానిటిడిన్ హెచ్2ను మూస్తుంది; కడుపులో ఆమ్లం ఊరమని కబురు అందేదీ ఆ హెచ్2 ద్వారానే. జేమ్స్ బ్లాక్ బృందం 1972లో హెచ్2ను విడిగా గుర్తించి, దాన్ని మూసే మందులకు దారి వేసిన దాకా, అల్సరు ముదిరిన రోగులకు చాలాసార్లు ఆపరేషన్లే దిక్కుగా ఉండేవి. ఆ పనికి కూడా కలిపి ఆయనకు 1988లో నోబెల్ వచ్చింది. ఈ మందుల మేలును తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం నాకు లేదు. నా ఇల్లు గడిచిందే వాటి మీద.

చేతి మీద గీతలో జరిగేదే నడిచిన తొడ కండరంలోనూ జరుగుతుందని గట్టిగా చూపించింది అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జాన్ హాలివిల్ బృందం. వ్యాయామం చేస్తున్నంతసేపూ కండరానికి రక్తం ఎక్కువగా పోవడానికి వేరే కారణాలు చాలా ఉన్నాయి. వాళ్లను ఆకర్షించింది ఆ తరవాతి సంగతి. గంటసేపు సైకిలు తొక్కి దిగినవాళ్ల కాళ్లలో, గుండె వేగం మామూలుకు వచ్చాక కూడా, రెండు గంటల వరకూ రక్తప్రవాహం పెరిగే ఉంటుంది. ఆ సమయంలో బీపీ కూడా మామూలుకంటే కాస్త దిగి ఉంటుంది. సంగటి దించాక పొయ్యిలో కట్టెలు లాగేసినా నిప్పుల సెగ చాలాసేపు నిలిచినట్టు, వ్యాయామం ఆగినా పనిచేసిన కండరంలో ఆ సెగ ఆరదు. నడిచేవాళ్లు అకస్మాత్తుగా ఆగి నిలబడితే కళ్లు తిరగడానికి ఇది కూడా ఒక కారణం. "ఆపంగనే నిలబడగూడదు, రెండడుగులు మెల్లగ ఎయ్యల్ల" అని మైదానంలో పెద్దవాళ్లు చెప్పే మాటలో ఈ శాస్త్రమే ఉంది. హాలివిల్ బృందం హెచ్1, హెచ్2 రెండింటినీ మందులతో మూసేసి చూస్తే ఆ సెగ చాలావరకు చల్లారిపోయింది. తరవాత వాళ్లు కండరంలోకి సన్నటి గొట్టాలు దింపి కొలిచి, పనిచేసే కండరంలో మాస్ట్ కణాలు మూట విప్పుతున్నాయని, అంతే కాక అక్కడికక్కడ కొత్తగా కూడా హిస్టమిన్ తయారవుతోందని చూపించారు. తుమ్ములప్పుడు లాగా పుప్పొడితో దీనికి పని లేదు. ఏ అలర్జీ లేనివాడి కండరంలోనూ ఇది జరుగుతుంది.

రక్తం ఎక్కువగా పోవడం ఒక్కటే అయితే ఇంత వ్యాసం రాయవలసిన పని లేదు. 2016లో వాళ్లు 16 మంది ఆరోగ్యవంతులైన యువతీయువకుల చేత గంటసేపు మోకాలి వ్యాయామం చేయించి, తొడ కండరంలోంచి చిన్న ముక్కలు తీసి, ఏ జన్యువులు చురుకుగా ఉన్నాయో పరిశీలించారు. వ్యాయామం తరవాత కోలుకోవడంలో పాలుపంచుకునే జన్యువులు దాదాపు 3000 కనబడ్డాయి. హెచ్1, హెచ్2 మూసే మందులు ముందుగా వేసుకున్నవారిలో, వాటిలో నాలుగో వంతుకు పైగా జన్యువుల స్పందన మారిపోయింది, ముఖ్యంగా తగ్గింది. కొత్త రక్తనాళాలు పుట్టించడం, దెబ్బతిన్న చోట మరమ్మతు చేయడం, రోగనిరోధక కణాలను పిలవడం లాంటి పనులు చేసే జన్యువులవి. కండరానికి 'ఇవాళ పని పడింది, రేపటికి సిద్ధపడు' అన్న కబురు మోసుకుపోయేవాళ్లలో హిస్టమిన్ ఒకడన్నమాట.

అయితే జన్యువు పలకడం వేరు, మనిషి బలపడటం వేరు. ఒక్క రోజు వ్యాయామం నుంచి ఆరు వారాల ఫలితాన్ని ఊహించలేం. ఆ సందేహానికి జవాబు 2021లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం నుంచి, విమ్ డెరావ్ బృందం నుంచి వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లను రెండు గుంపులు చేసి, 6 వారాల పాటు సైకిలు మీద వేగంగా తొక్కుతూ, ఆగుతూ చేసే కఠినమైన వ్యాయామం చేయించారు. ఒక గుంపుకు ప్రతిసారీ వ్యాయామానికి ముందు హెచ్1, హెచ్2 మూసే మందులు ఇచ్చారు, రెండో గుంపుకు మందు లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. ఇద్దరూ పడ్డ కష్టం ఒక్కటే. కానీ మందులు వేసుకున్నవాళ్లలో వ్యాయామ సామర్థ్యం పెరుగుదల మందగించింది; చక్కెరను అదుపు చేసుకునే శక్తిలో, రక్తనాళాల పనితీరులో రావలసిన మెరుగుదల కుంటుపడింది; కండరంలో సన్నని రక్తనాళాలు, శక్తి పుట్టించే మైటోకాండ్రియాలు మారవలసినంతగా మారలేదు. దీన్ని చదివిన రాత్రి నాకు షాపు ఎడమచేతివైపు డబ్బాలు గుర్తొచ్చాయి.

ఇక్కడ నా వాదనకు నేనే అడ్డుపడాలి, లేకపోతే రేపు పొద్దున్నే ఎవరో ఒకరు "సిట్రిజిన్ వేసుకుంటే నడక వేస్టు" అని ఫోనులో తిప్పేస్తారు. మొదటి సంగతి మోతాదు. ఒరెగాన్ ప్రయోగాల్లో హెచ్1ను మూయడానికి వాడింది సిట్రిజిన్ లాంటిదే అయిన ఫెక్సోఫెనడిన్, 540 మిల్లీగ్రాములు. నేను అమ్మే మాత్రలో ఉండేది 120 లేక 180. అంటే వాళ్లు ఇచ్చింది పెద్ద మాత్రలైనా మూడింటి ఎత్తు. రిసెప్టర్లను పూర్తిగా మూసి చూడటం వాళ్ల ఉద్దేశం కాబట్టి అంత ఇచ్చారు. రెండో సంగతి ఇంకా ముఖ్యం, దాన్ని మందుల షాపువాడు తప్ప ఎవరూ గమనించకపోవచ్చు. వాళ్లు రెండు రిసెప్టర్లనూ ఒకేసారి మూశారు. ఇప్పుడు గ్యాసుకు మా ఊళ్లో ఎక్కువగా పోయేది పాంటాప్రజోల్. అది హిస్టమిన్ జోలికి పోదు. కడుపులో ఆమ్లం ఊరే పంపును నేరుగా ఆపుతుంది. కాబట్టి సిట్రిజిన్, పాంటాప్రజోల్ వేసుకునే మనిషి ఘెంట్ ప్రయోగంలోని మనిషితో సమానం కాదు. రానిటిడిన్‌ను 2022లో మన దేశ అత్యావశ్యక మందుల జాబితా నుంచి తీసేశారు, దానికి కారణం అందులో దొరికిన మలిన పదార్థం గురించిన భయం గానీ వ్యాయామం కాదు; అయినా అలవాటుపడినవాళ్లు దాన్నే అడుగుతారు. మూడో సంగతి, ఘెంట్‌లో పాల్గొన్నవాళ్లు కొద్దిమంది, అందరూ ఆరోగ్యవంతులైన మగవాళ్లు. షుగరున్న 58 ఏళ్ల అమ్మకు మైదానం చుట్టూ నాలుగు రౌండ్ల నడకలో ఇదే జరుగుతుందని నాకు తెలిసి ఎవరూ కొలవలేదు.

ఇన్ని మినహాయింపులు ఒప్పుకున్నాక ఇంకేం మిగిలిందని ఒక డాక్టరు మిత్రుడు నన్ను అడిగాడు. చాలా మిగిలిందని నా నమ్మకం. ఒక మందును 'కీడు లేనిది' అని మనం ఎలా తేలుస్తున్నామో చూడండి. నిద్ర ముంచుకు రాలేదు, దద్దురు లేవలేదు, కడుపు చెడలేదు, కాబట్టి కీడు లేదు. కనబడే కీడు లేకపోవడం ఒకటి, రావలసిన మేలు రాకపోవడం మరొకటి. రెండోది ఎప్పుడూ ఫిర్యాదుగా షాపుకు రాదు. వస్తే, "రోజూ నడుస్తాండా గదనా, షుగరు యాల తగ్గల్యా?" అన్న రూపంలో వస్తుంది, దానికి మేము ఇంకో మాత్ర చూపిస్తాం. తగ్గకపోవడానికి నూరు కారణాలుంటాయి, ఆ నూటిలో ఇది ఒకటి కావచ్చు, కాకపోవచ్చు. కానీ ఆ ఒక్కటి లెక్కలోకే రాకపోవడం నాకు అభ్యంతరం.

పైగా ఇది హిస్టమిన్ ఒక్కదాని కథ కూడా కాదు. వ్యాయామం తరవాత ఒంట్లో పుట్టే ఇబ్బందిని శత్రువనుకుని అణచబోతే వ్యాయామమే కొంత వ్యర్థమైన సంగతులు ముందే ఉన్నాయి. జర్మనీలో 2009లో నాలుగు వారాల వ్యాయామంతో పాటు రోజూ 1000 మిల్లీగ్రాముల విటమిన్ సి, దానికి విటమిన్ ఇ కలిపి ఇస్తే, ఇన్సులిన్‌కు శరీరం స్పందించే తీరులో రావలసిన మెరుగుదల రాలేదు. స్వీడన్‌లో 2018లో బరువులెత్తే యువతకు రోజూ 1200 మిల్లీగ్రాముల ఐబూప్రొఫెన్ 8 వారాలు ఇస్తే, కొద్ది మోతాదు ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లతో పోలిస్తే కండ పెరుగుదల సగమే కనబడింది. హిస్టమిన్ కూడా ఈ వరసలోదే, కాకపోతే దీని మీద నింద మరీ పాతది. పోటీ సైకిలిస్టులకు ఈ రెండు రకాల మందులూ ఇచ్చి 10 కిలోమీటర్లు తొక్కిస్తే వేగం తగ్గిందని కూడా హాలివిల్ బృందమే చూపించింది. అంటే రేపటి ఫలితం మీదే కాదు, ఇవాళ్టి పరుగు మీద కూడా వీటి ప్రభావం ఉండవచ్చు.

"అట్లయితే రాత్రి పూట ఏసుకుంటే సరిపాయ" అని కొందరు తేలిగ్గా తేల్చేస్తారు. సిట్రిజిన్ రోజుకొక్కటి చాలునంటే దాని పని దాదాపు 24 గంటలు ఉంటుందనే అర్థం. అలర్జీ పరీక్షకు చర్మం మీద చుక్కలు వేసే ముందు కొన్ని రోజుల పాటు ఈ మందులు ఆపమని డాక్టర్లు చెప్పేది అందుకే. రాత్రి మింగిన మాత్ర తెల్లవారి నడకకు అడ్డురాదని చెప్పలేం.

ఈ వ్యాసం చదివి మందు మానుకోకూడనివాళ్లు ఉన్నారు. ఒంటి నిండా దద్దుర్లు లేచేవాళ్లు, ముక్కు మూసుకుపోయి రాత్రంతా నిద్రలేనివాళ్లు, ఉబ్బసంతో పాటు ముక్కు అలర్జీకి డాక్టరు రాసిచ్చిన మందులు వాడేవాళ్లు తమంతట తాము ఏదీ ఆపకూడదు. నిద్ర లేనివాడు ఎలాగూ నడవలేడు. వ్యాయామంతోనే ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు వాచి, బీపీ పడిపోయే అరుదైన జబ్బు కూడా ఒకటుంది. కొందరిలో గోధుమ తిని వ్యాయామం చేస్తేనే అది వస్తుంది, గోధుమ ఒక్కటీ ఏమీ చేయదు, వ్యాయామం ఒక్కటీ ఏమీ చేయదు. అలాంటివాళ్లకు హిస్టమిన్ నిజంగానే పగవాడు. వాళ్లు ఒంటరిగా నడవకూడదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నేను మాట్లాడుతున్నది వీళ్ల గురించి కాదు. రెండు తుమ్ములకొక మాత్ర, మిరపకాయ బజ్జీలు తిన్న రాత్రికొక మాత్ర, వెరసి ఏడాదికి రెండొందల మాత్రలు లెక్క తెలియకుండా మింగేవాళ్ల గురించి, లెక్క అడగకుండా ఇచ్చే నాలాంటివాళ్ల గురించి.

షాపులో నేను చేసిన మార్పు చాలా చిన్నది. ఆ రెండు డబ్బాలనూ విడదీసి, రానిటిడిన్‌ను వెనక అరలోకి మార్చాను. ఎవరైనా రెండూ కలిపి అడిగితే నేను లేచి వెనక్కు నడవాలి, ఆ నాలుగడుగులలో "రోజూ ఏసుకుంటాండావా? యా పొద్దు వస్తాయి తుమ్ములు?" అని అడగడానికి సమయం దొరుకుతుంది. కొందరు విసుక్కుంటారు. ఒకాయన పక్క షాపుకు పోయాడు, ఇంకా తిరిగి రాలేదు.

కానిస్టేబులు కుర్రాడు మళ్లీ వచ్చినప్పుడు టానిక్కు గురించి ఏమీ అనకుండా అదే ప్రశ్న వేశాను. కాసేపు ఆలోచించి, "ఆ గోడ తట్టు మలుపులోనేనా, గడ్డి ఉంది సూడు, ఆడ్నే" అన్నాడు. అయితే ఆ మలుపు వదిలి రోడ్డు వైపు పరిగెత్తమన్నాను, వయ్యారిభామ పూత తగ్గేదాకా ముక్కుకు తువ్వాలు కట్టుకొమ్మన్నాను, మంటకు మాత్ర బదులు పరుగుకు అరగంట ముందు ఒక అరటిపండు తిని చూడమన్నాను, అప్పటికీ తగ్గకపోతే పెద్దాసుపత్రిలో చూపించుకొమ్మన్నాను. ఆ తరవాతి నెలకు అతని పరుగు సమయం తగ్గింది. అది మాత్రలు తగ్గించడం వల్లనో, ఇంకో నెల ప్రాక్టీసు వల్లనో, గడ్డి లేని దారి వల్లనో చెప్పే ధైర్యం నాకు లేదు, అతనికీ చెప్పలేదు. మొన్న గాయానికి అయోడిన్ కొనడానికి వచ్చినప్పుడు సిట్రిజిన్ కావాలా అని అడిగితే, అప్పుడెప్పుడో కొన్న షీటులోనే ఇంకా ఆరు మిగిలాయన్నాడు.